టోక్యోలో నేను తీసిన దీర్ఘం

మా చెల్లెలి రెండో పురుడుకని 2019లో టోక్యో వెళ్లాను. వాళ్లుండేది నిషి-కసాయ్ అనే పేటలో. మన దేశం వాళ్లు ఎక్కువగా ఉండే చోటు కనుక పప్పులూ, మసాలాలూ దగ్గర్లోనే దొరికేవి. వంటకి ఇబ్బంది పడలేదు గానీ మాటకే పడ్డాను.

పక్కింటావిడకి నా ఈడే ఉంటుంది. చెల్లెలికి నెలలు నిండిన రోజుల్లో ఆస్పత్రికి తోడు వెళ్లిన మనిషి. చెల్లెలి కొడుకు ఆవిణ్ణి ‘ఒబసన్’ అంటాడు. పిన్ని, అత్త లాంటి పిలుపు. నేనూ చనువుగా పిలుద్దామని, గుమ్మంలో ఎదురుపడగానే “ఒబాసన్!” అన్నాను. ఆవిడ తల వంచి నమస్కరించింది గానీ ముఖంలో నవ్వు లేదు.

చెల్లెలు నెత్తి కొట్టుకుంది. “దీర్ఘం తీశావా అక్కా? ఒబాసన్ అంటే మామ్మ! అసలు నీ ఈడు మనిషిని ఒబసన్ అనడమే తప్పు” అంది. ఆ పూట నాకు అన్నం సహించలేదు. రేపు నేను వెళ్లిపోతే దీనికి ఆవిడేగా దిక్కు!

ఆ రాత్రి చెల్లెలు కూర్చోబెట్టి అన్నీ చెప్పింది. అక్కడ ఇంటిపేరుకి ‘సన్’ చేర్చి పిలుస్తారు. తనక అనే ఇంటిపేరైతే తనక-సన్. మన ‘గారు’ లాంటిదే. మన పేరుకి మనం గారు తగిలించుకోనట్టే, వాళ్లూ తమ పేరుకి సన్ చేర్చుకోరు. దుకాణాల్లో కొనుక్కునేవాళ్లని ఇంకా గౌరవంగా ‘ఒక్యకు-సమ’ అంటారు. డాక్టరైనా టీచరైనా ‘సెన్సే’. పసిపిల్లలకి ‘చన్’. చేపల కొట్టాయన కూడా ‘సకనయ-సన్’. ముక్కూ మొహం తెలియనివాళ్లని పిలవాలంటే “సుమిమసెన్” అంటే చాలు, మన “ఏమండీ” లాగ.

‘అనత’ అంటే పుస్తకంలో ‘మీరు’ అని ఉంటుంది. కానీ పెద్దవాళ్లని అలా అనకూడదట, పేరుతోనే పిలవాలి. తమాషా ఏమిటంటే, భార్య భర్తని “అనత” అని పిలవడం వాళ్ల పాత అలవాటు!

ఇంకో మర్యాద నాకెంతో నచ్చింది. మన అమ్మ గురించి బయటివాళ్లతో చెప్పేటప్పుడు ‘హహ’ అనాలి. ఎదుటివాళ్ల అమ్మని మాత్రం ‘ఒకాసన్’ అనాలి. మావారు ‘షుజిన్’, మీవారు ‘గొషుజిన్’. షుజిన్‌కి యజమాని అని కూడా అర్థం ఉందని ఈ కాలం ఆడవాళ్లు కొందరు ‘ఒత్తొ’ అంటున్నారట.

మర్నాడు కొబ్బరి లడ్డూలు చేసి పట్టుకెళ్లాను. ఆవిడ ఇంటిపేరుకి సన్ చేర్చి పిలిచి, “గొమెన్ నసాయ్” అన్నాను, క్షమించమని. ఆవిడ ఒక్క క్షణం చూసి, పకపకా నవ్వేసింది. లడ్డూల గిన్నె రెండు చేతులా అందుకుని, “ఒనేసన్” అంది. అంటే అక్కా అని. మా చెల్లెలి అక్క తనకీ అక్కే అన్నమాట. నా కళ్లు చెమర్చాయి.

జపాన్‌లో ఉన్న పిల్లల దగ్గరికి వెళ్లే తల్లులకు నాదొక్కటే మాట. హ్రస్వం, దీర్ఘం మనకి చిన్నప్పుడే బళ్లో నేర్పారు. అక్కడ కాస్త చెవిపెట్టి వినండి, అది తప్పకుండా అక్కరకొస్తుంది.