పాటకి పట్టా ఎవరి పేరు మీద ఉంది?

కొంచెం పెద్ద పోస్ట్. సెమిస్టర్ పరీక్షలు అయిపోయినయ్ కాబట్టి ఓపిగ్గా చదువుతారని రాస్తున్నా.

విషయం అమెరికా కంట్రీ మ్యూజిక్. మన గ్రూపులో ఇదేం గోల అనుకోకండి, చివరికి మన దగ్గరికే వస్తది. మా హాస్టల్ రూమ్‌లో నలుగురం ఉంటాం. ఇంగ్లీష్ చెవికి అలవాటు కావాలంటే మాటలు స్పష్టంగా వినపడే పాటలు వినమని మా మేడం చెప్పారు. కంట్రీ పాటలైతే ఒక మనిషి కూర్చుని తన కథ చెప్పినట్టు ఉంటయ్. ఊరు, వాన, అప్పు, తాగుబోతు మొగుడు, చనిపోయిన తమ్ముడు, ఇల్లు వదిలి పోవడం, అన్నీ మనకి తెలిసినవే. అట్లా వినడం మొదలుపెట్టాం. నెల తిరగకముందే కొట్లాట వచ్చింది. వీళ్ళందరిలో గొప్పోళ్ళు ఎవరు?

ముందు ఒక మాట. కంట్రీ అనే పేరు తర్వాత వచ్చింది. మొదట్లో రికార్డు కంపెనీలు దీన్ని హిల్‌బిల్లీ పాటలు అని అమ్మినయ్. అంటే కొండల్లో ఉండే మోటోళ్ళ పాటలు అని. మనల్ని బస్టాండులో కొండోళ్ళు అని ఏ గొంతుతో అంటారో, ఆ గొంతుతో అన్న మాట అది. 1949లో బిల్‌బోర్డ్ పత్రిక తన పట్టికకి కంట్రీ అండ్ వెస్టర్న్ అని పేరు పెట్టింది. ఇంకో సంగతి, 1920లలో కంపెనీలు తెల్లోళ్ళు పాడితే హిల్‌బిల్లీ అని, నల్లోళ్ళు పాడితే రేస్ రికార్డు అని వేరు వేరు పేర్లతో అమ్మేవి. ఊళ్ళో ఇద్దరూ ఒకరి పాట ఒకరు నేర్చుకున్నోళ్ళే. దుకాణంలో మాత్రం వేరు చేశారు.

ఇప్పుడు కొట్లాటలోకి వద్దాం.

మా రూమ్‌లో ఒకమ్మాయికి మొదట తెలిసింది జాన్ డెన్వర్ ఒక్కడే. మన దేశంలో కాలేజీ ఫేర్‌వెల్ అంటే కంట్రీ రోడ్స్ పాట ఉండాల్సిందే కదా. ఆ పాట 1971లో వచ్చింది. వెస్ట్ వర్జీనియా రాష్ట్రం మీద పాట. డెన్వర్‌తో కలిసి దాన్ని రాసిన జంట అప్పటికి ఆ రాష్ట్రం చూడనే లేదు. అయినా 2014లో ఆ రాష్ట్రం దాన్ని తన అధికారిక పాటల్లో చేర్చుకుంది. పాట అంత బాగుంది, నేనూ పాడతా. కానీ చూడని ఊరి మీద పాటకి, ఆ ఊళ్ళో పుట్టినోళ్ళ పాటకి తేడా ఉంటది కదా. ఆ అమ్మాయి కూడా తర్వాత జిమ్మీ రోజర్స్ వైపు పోయింది.

రోజర్స్ మిసిసిప్పి వాడు, రైళ్ళ మీద పనిచేసేవాడు. 1927 ఆగస్టులో బ్రిస్టల్ అనే ఊళ్ళో మొదటి రికార్డు ఇచ్చాడు. అప్పటికే టీబీ. 1933లో 35 ఏళ్ళకే పోయాడు. ఆరేళ్ళలోనే దేశమంతా పాడుకునేటట్టు చేశాడు. ఆ అమ్మాయి చెప్పిన ఒక ముచ్చట నాకు భలే నచ్చింది. కెన్యాలో కిప్సిగిస్ అనే తెగ ఉంది. వాళ్ళ దగ్గరికి రోజర్స్ రికార్డులు చేరినయ్. 1950లో హ్యూ ట్రేసీ అనే ఆయన అక్కడి ఆడపిల్లల పాట రికార్డు చేస్తే, అందులో చెమిరోచా అని ఒకడున్నాడు. సగం మనిషి, సగం జింక. జిమ్మీ రోజర్స్ అనే పేరే వాళ్ళ నోట్లో చెమిరోచా అయింది. ఒక తెగ వాళ్ళు తమ పాటలోకి తెచ్చుకుని దేవుడిలా చేసుకున్నారంటే ఇంకేం గొప్పతనం కావాలే అంటది ఆ అమ్మాయి. నా దగ్గర జవాబు లేదు.

రెండో అమ్మాయి హ్యాంక్ విలియమ్స్ మనిషి. అలబామాలో 1923లో పుట్టాడు. 1953 జనవరి 1న ప్రోగ్రాంకి పోతా పోతా కారు వెనక సీట్లోనే ప్రాణం పోయింది, అప్పటికి 29 ఏళ్ళు. చిన్న చిన్న మాటలతో, చదువు లేనోళ్ళకి కూడా అర్థమయ్యేటట్టు గుండె కోసేసే పాటలు రాశాడు. పాట రాయడం ఒక్కటే కొలత అయితే నేను కూడా హ్యాంక్‌కే ఓటు వేస్తా.

మూడో ఆమె మాకంటే పెద్దది, పీజీ అక్క. వాళ్ళ ఊరు పోలవరం ముంపులో పోయింది, ఇప్పుడు ఇంట్లోవాళ్ళు పునరావాస కాలనీలో ఉంటున్నారు. అక్క ఓటు జానీ క్యాష్‌కి. కారణం 1964లో వచ్చిన ఆయన ఆల్బమ్, బిటర్ టియర్స్. ఎనిమిది పాటలూ అమెరికా ఆదివాసుల మీదే. అందులో ఒకటి కిన్జువా డ్యామ్ మీద. సెనెకా తెగ భూమి జోలికి రామని 1794లో వాషింగ్టన్ ప్రభుత్వం ఒప్పందం రాసిచ్చింది. 1960లలో డ్యామ్ కట్టి ఆ భూమినే ముంచారు. సుమారు 600 మందిని ఇళ్ళ నుంచి లేపారు. ఇంకో పాట ఐరా హేస్ మీద. ఆయన పీమా తెగ వాడు, రెండో ప్రపంచ యుద్ధంలో ఇవో జిమా కొండ మీద జెండా ఎత్తిన ఆరుగురిలో ఒకడు. ఫోటో దేశమంతా తిరిగింది, ఆయన మాత్రం తాగుడుకి బానిసై 1955లో 32 ఏళ్ళకి పోయాడు. పీమా వాళ్ళు గీలా నది నీళ్ళతో సేద్యం చేసేవాళ్ళు. పై ఊళ్ళలో వచ్చి స్థిరపడినోళ్ళు ఆ నీళ్ళు మళ్ళించుకుంటే పొలాలు ఎండిపోయినయ్. ఆ పాటని చాలా రేడియో స్టేషన్లు వేయలేదు. క్యాష్ ఊరుకోలేదు, బిల్‌బోర్డ్‌లో సొంత డబ్బులతో పేజీ నిండా ప్రకటన ఇచ్చి, మీకు ధైర్యం లేదా అని వాళ్ళని నిలదీశాడు. పాట కంట్రీ పట్టికలో 3వ స్థానం దాకా పోయింది.

అక్క అన్న మాట ఇది: "చెల్లీ, మా ఊరు పోయినప్పుడు మా కోసం ఏ పెద్ద గాయకుడు పాడాడే? ఆయన ఎవరికోసమో పాడాడు, అది నా పాట అయింది."

దీని మీద వాదన పెట్టడం కష్టం. అయినా పెట్టా. మనసులో ఉన్నది ఇక్కడ కూడా చెప్తా. క్యాష్ కొన్నేళ్ళు తన ఒంట్లో చెరోకీ రక్తం ఉందని చెప్పుకున్నాడు. తర్వాత వంశం చూసుకుంటే అట్లాంటిదేం లేదని తేలింది. మన దగ్గర దొంగ ఎస్టీ సర్టిఫికెట్లు చూసినోళ్ళం కాబట్టి మనకి ఇది చురుక్కుమంటది. ఆయన దాంతో ఉద్యోగం కొట్టేయలేదు, నిజమే. మన బాధ మీద ఆయనకి ఉన్న ప్రేమ కూడా నిజమే అనుకుంటా. కానీ ఆ ఆల్బమ్‌లో ఆదివాసి గురించి పాట ఉంది, పాడేది ఆదివాసి కాదు. మన గురించి ఇంకొకరు పాడితే కృతజ్ఞత ఉంటది. గొప్పోళ్ళు ఎవరు అని అడిగితే మాత్రం నాకు ఇంకో కొలత కావాలి.

ఆ కొలత ఎక్కడ దొరికిందంటే, పెద్ద పేర్ల వెనకాల ఉన్నోళ్ళ గురించి చదివినప్పుడు. హ్యాంక్‌కి చిన్నప్పుడు పాట, గిటార్ నేర్పింది రూఫస్ పేన్ అనే నల్లజాతి వీధి గాయకుడు. ఆయన 1939లో పేదవాడిగానే పోయాడు. ఆయన గొంతు ఒక్క రికార్డులో కూడా లేదు. రోజర్స్‌తో పాటే బ్రిస్టల్‌లో మొదటి రికార్డు ఇచ్చిన కార్టర్ ఫ్యామిలీ సంగతీ అంతే. ఎ.పి. కార్టర్ కొండ ఊళ్ళు తిరిగి పాటలు సేకరించేవాడు. తోడు లెస్లీ రిడిల్ అనే నల్లజాతి గిటారిస్టు, ప్రమాదంలో ఒక కాలు పోయిన మనిషి. కార్టర్ మాటలు రాసుకునేవాడు, రిడిల్ బాణీ మనసులో పట్టుకునేవాడు. ఆ ఇంటి మేబెల్ కార్టర్ గిటార్ వాయించే తీరులో రిడిల్ దగ్గర నేర్చుకుంది కూడా ఉంది. కాపీరైట్ కాగితం మీద మాత్రం ఎ.పి. కార్టర్ పేరే. ఇంకొకాయన డీఫోర్డ్ బెయిలీ. గ్రాండ్ ఓల్ ఆప్రీ అనే పెద్ద రేడియో కార్యక్రమంలో మొదటి నల్లజాతి స్టార్. మౌతార్గాన్‌తో రైలు శబ్దం తెప్పించేవాడు. 1941లో తీసేస్తే బూట్లు పాలిష్ చేసే షాపు మీద బతికాడు. 1982లో చనిపోయాడు, హాల్ ఆఫ్ ఫేమ్‌లో పేరు 2005లో ఎక్కింది.

ఇవి చదువుతుంటే నాకు భూమి కాగితాలే గుర్తొచ్చినయ్. దున్నింది ఒకరు, పట్టా ఇంకొకరి పేరు మీద. మన పెద్దోళ్ళు 1/70 చట్టం కోసం ఎందుకు అంత పట్టు పడతారో పాటల లెక్కలో కూడా అర్థమైంది. సాగు ఉంటే చాలదు, కాగితం కూడా మన చేతిలో ఉండాలి.

అందుకే నా ఓటు డాలీ పార్టన్‌కి.

డాలీ 1946లో టెన్నెసీ కొండల్లో పుట్టింది. 12 మంది పిల్లల్లో నాలుగోది. కాన్పు చేసిన డాక్టర్‌కి ఇవ్వడానికి డబ్బుల్లేక వాళ్ళ నాన్న మొక్కజొన్న పిండి ఇచ్చాడు. అమ్మ గుడ్డ ముక్కలు కలిపి కుట్టిన కోటు వేసుకుని బడికి పోతే పిల్లలు నవ్విన సంగతి మీదే 1971లో పాట చేసింది. 1964లో హైస్కూల్ అయిన మరుసటి రోజే నాష్‌విల్ బస్సు ఎక్కింది. అక్కడ ఆమె చేసిన తెలివైన పని ఏంటంటే, పాటల హక్కులు చూసుకోవడానికి మేనమామతో కలిసి సొంత పబ్లిషింగ్ కంపెనీ పెట్టుకుంది. అప్పటికి ఇరవై ఏళ్ళు, నా వయసే.

1974లో ఐ విల్ ఆల్వేస్ లవ్ యూ అనే ఆమె పాట పట్టికలో మొదటి స్థానానికి పోయింది. ఎల్విస్ ప్రెస్లీ ఆ పాట పాడతా అన్నాడు. ఎల్విస్ అంటే అప్పట్లో మామూలు పేరు కాదు. రికార్డింగ్ ముందు ఎల్విస్ మేనేజర్ సగం పబ్లిషింగ్ హక్కు రాసివ్వమన్నాడు. ఆమె ఇవ్వనంది. ఆ రాత్రి ఏడ్చాను అని తర్వాత ఎన్నోసార్లు చెప్పింది. అయినా ఇవ్వలేదు. 1992లో విట్నీ హ్యూస్టన్ పాడినప్పుడు ప్రపంచమంతా మోగింది, దాని డబ్బు రాసిన మనిషి చేతికే వచ్చింది.

మీరు అడగొచ్చు, మరి లొరెట్టా లిన్ ఏమైంది అని. బొగ్గుగని కూలీ కూతురు, 15 ఏళ్ళకే పెళ్ళి, 20 నిండకముందే నలుగురు పిల్లలు. ఆడదాని బతుకు ఉన్నదున్నట్టు పాడితే రేడియోలు ఆపేసినయ్. 1972లో కంట్రీ మ్యూజిక్ అసోసియేషన్ ఏటా ఇచ్చే అతి పెద్ద అవార్డు తీసుకున్న మొదటి ఆడమనిషి. ధైర్యంలో డాలీ కంటే ఒక మెట్టు పైనే పెడతా. కానీ ఆమె రాసిన పాటల పబ్లిషింగ్ హక్కులు వేరేవాళ్ళ చేతిలో ఉండి, 1970లలో కోర్టుల చుట్టూ తిరగాల్సి వచ్చింది. ఆ తర్వాత రాయడం బాగా తగ్గించేసింది. ఆమె కథే నా వాదనకి బలం.

డాలీ మీద పీజీ అక్క అభ్యంతరం ఇంకోటి. డబ్బు సంపాదించింది, పార్కులు పెట్టింది, వ్యాపారం చేసింది, అది గొప్పతనమా అని. నాకు అందులో తప్పు కనపడలే. మన పాట పాడి వేరేవాళ్ళు బాగుపడితే కళకి సేవ అంటారు, మనోళ్ళు బాగుపడితే వ్యాపారం అంటారా? పైగా ఆ డబ్బు ఎక్కడికి పోయిందో చూడండి. వాళ్ళ నాన్నకి చదవడం, రాయడం రాదు. దాన్ని మనసులో పెట్టుకుని 1995లో వాళ్ళ జిల్లాలో పిల్లలకి పుట్టినప్పటి నుంచి అయిదేళ్ళు వచ్చేదాకా నెలకో పుస్తకం ఉచితంగా పంపడం మొదలుపెట్టింది. ఇప్పటిదాకా పంచినవి 20 కోట్లు దాటినయ్. మా నాన్న కూడా నా హాస్టల్ ఫారం మీద వేలిముద్రే వేశాడు. కాబట్టి నేను ఈ విషయంలో కొంచెం పక్షపాతిని, ఒప్పుకుంటా.

ఇక మన దగ్గరికి వద్దాం. పోయిన ఏడాది మా ఊరికి ఒక యూట్యూబ్ ఛానల్ వాళ్ళు వచ్చారు. మా అమ్మమ్మ చేత, ఇంకో ముగ్గురు ముసలోళ్ళ చేత రేల పాటలు, పెళ్ళి పాటలు పాడించుకుపోయారు. వీడియోలో ఛానల్ పేరు ఉంది, కెమెరామన్ పేరు ఉంది, పాడినోళ్ళ పేరు ఉండాల్సిన చోట సంప్రదాయ గీతం అని ఉంది. అమ్మమ్మ సంతోషంగానే ఉంది, ఫోన్‌లో తన ముఖం చూసుకుని నవ్వింది. నాకే లోపల ఏదోలా అయింది. పాట ఊరందరిదీ, నిజమే. అట్లాగని పాడిన మనిషికి పేరు లేకుండా పోతదా? సంప్రదాయం అంటే ఎవరిదీ కాదు అని కాదు కదా.

గొప్ప కంట్రీ గాయకులు ఎవరు అన్న కొట్లాట మా రూమ్‌లో ఇంకా తెగలేదు. అక్క క్యాష్ దగ్గరే ఉంది, నేను డాలీ దగ్గరే ఉన్నా. ఒక్క దానికి మాత్రం నలుగురం ఒప్పుకున్నాం. ఈ సెలవులకి ఎవరి ఊళ్ళో వాళ్ళం పాటలు రికార్డు చేద్దామని. ప్రతి పాట మొదట్లో పాడేవాళ్ళ చేతనే పేరు, ఊరు, ఎవరి దగ్గర నేర్చుకున్నారో చెప్పించాలి. బయటికి పెట్టాలా వద్దా అనేది వాళ్ళనే అడగాలి. ఫైలు ఒకటి వాళ్ళ ఇంట్లో ఫోన్‌లోనే ఉంచి రావాలి.

మీలో ఇప్పటికే ఇట్లాంటి పని చేసినోళ్ళుంటే ఎట్లా చేశారో చెప్పండి. కోయ, గోండి, కొండరెడ్డి, సవర, ఎవరైనా సరే. డాలీ కాదు, ఇంకొకరు గొప్ప అనేవాళ్ళు కూడా రండి, వాదన పెట్టుకుందాం. కారణం మాత్రం రాయండి.

జోహార్.