డాక్‌ల్యాండ్స్‌లో మూడు ముక్కలాట

డిసెంబరులో డబ్లిన్‌లో నాలుగు దాటగానే చీకటి పడుతుంది. స్పెన్సర్ డాక్ దగ్గర లూయస్ ట్రామ్ దిగి లిఫీ నది వైపు నడిస్తే, హార్ప్‌ను పక్కకి వాల్చినట్టుండే సామ్యూల్ బెకెట్ వంతెన కనిపిస్తుంది. మా వారి ఆఫీసు క్రిస్మస్ విందు ఆ వంతెన అవతలి ఒడ్డున, ఒక హాల్లో. లోపలికి వెళ్తే కాసినో బల్లలు! డబ్బు మాత్రం ఉత్తుత్తిదే. తలుపు దగ్గర తలా వంద యూరోల బొమ్మ నోట్లు ఇచ్చారు.

నేనూ, మరో ఇద్దరు తెలుగు స్నేహితురాళ్ళూ ఒక ఖాళీ బల్ల దగ్గర కూర్చున్నాం. డీలర్ కుర్రాడు నవ్వుతూ "ఆంటీ, ప్లీజ్" అన్నాడు. ముగ్గురికీ ఒళ్ళు మండింది. ముక్కలు పంచేముందు పెట్టే పందెం పేరే 'ఆంటీ' అని తర్వాత తెలిసి ఒకటే నవ్వు.

ఆట పేరు త్రీ కార్డ్ పోకర్. 1994లో డెరెక్ వెబ్ అనే ఆయన తయారుచేశాడట. చూస్తే మన మూడు ముక్కలాటే. కాకపోతే పక్కవాళ్ళతో పోటీ లేదు, డీలర్‌తోనే. ఆంటీ పెట్టాక మనకు మూడు, డీలర్‌కు మూడు ముక్కలు. మనవి చూసుకుని, నచ్చకపోతే పడేయాలి, ఆంటీ పోతుంది. ఆడదలిస్తే ఆంటీ అంతే మొత్తం 'ప్లే' అని పెట్టాలి. డీలర్‌కు కనీసం రాణి ఉంటేనే అతని చెయ్యి లెక్కలోకి వస్తుంది. లేకపోతే ఆంటీకి ఆంటీ ఇచ్చి, ప్లే పందెం మనది మనకు తిరిగిచ్చేస్తాడు. అతనికి రాణి ఉండి మనం గెలిస్తే రెండింటికీ సమానంగా ఇస్తాడు. ఓడితే రెండూ పోతాయి.

తీన్ పత్తీ అలవాటున్నవాళ్ళు ఒకచోట పొరబడతారు. మనకు మూడు ఆసుల్లాంటి ట్రయల్ అన్నిటికన్నా పెద్దది. ఇక్కడ ఒకే రంగులో వరస దాన్ని మించుతుంది. ఆ తర్వాత ట్రయల్, వరస, కలర్, జత. ఏవి ఆడాలి, ఏవి పడేయాలి అంటే ఒకటే గుర్తు: రాణి, ఆరు, నాలుగు. అంతకు తగ్గితే పడేయడమే మంచిది.

అంత బాగా ఆడినా సగటున ఆంటీలో 3.37 శాతం కాసినోకే పోతుంది. పది యూరోల చొప్పున గంటకు నలభై ఆటలు ఆడితే పదమూడు యూరోలకు పైనే. కిటుకు ఎక్కడంటే, మనం పడేసిన ఆంటీ డీలర్ ముక్కలు తెరవకముందే పోతుంది. అతనికి రాణి రాకపోతే మన చేతిలో ఎంత మంచి ముక్కలున్నా ప్లే మీద పైసా రాదు. ఇంట్లో ఆడితే పిన్ని డబ్బు అత్తకు చేరుతుంది. ఇక్కడ బల్ల దాటి వెళ్ళిందంటే వెళ్ళినట్టే.

నా వంద నోట్లు 260 అయ్యాయి. "అయ్యో, నిజం డబ్బైతే ఎంత బాగుండేది!" అనేశాను. అన్నాక గుండె ఝల్లుమంది. మా తాతయ్య రెండెకరాల మాగాణి పోయింది ఈ మూడు ముక్కల్లోనే. నాయనమ్మ బతికున్నంతకాలం మా ఇంట్లో పేకముక్క కనపడకూడదు. సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బు కేసులో 1960లలో సుప్రీంకోర్టు రమ్మీకి నైపుణ్యం కావాలని చెబుతూ, మూడు ముక్కలాట మాత్రం ఉత్త అదృష్టమేనంది. నాయనమ్మకు కోర్టు చెప్పక్కర్లేకపోయింది. తాతయ్యను తిట్టుకుంటూ పెరిగిన నేను, బొమ్మ నోట్లతో ఒక్క గంటలో ఆయన పక్కన చేరాను.

విందయ్యాక సర్ జాన్ రోజర్సన్స్ కీ వెంబడి నడిచాం. ఒకప్పుడు ఈ రేవుల్లో కూలీలు పొద్దున్నే గుంపుగా నిలబడితే, మేస్త్రీ పిలిచిన పేర్లకే ఆ రోజు పని. మిగిలినవాళ్ళు వట్టి చేతులతో ఇంటికి. ఆ ఇళ్ళలో ఎదురుచూసిన ఆడవాళ్ళు కూడా మా నాయనమ్మలాంటివాళ్ళే.

"వచ్చేవారం నిజం క్లబ్బుకు వెళ్దామంటున్నారు మా వాళ్ళు" అన్నారు మా వారు. వెళ్ళండి, సినిమా టికెట్టు కొన్నట్టు ఇరవై యూరోలు జేబులో పెట్టుకుని, కార్డు ఇంట్లో వదిలి వెళ్ళండి అన్నాను. కాసేపు ఆలోచించి, "వద్దులే, ఇంట్లోనే అష్టాచెమ్మా ఆడదాం" అన్నారు.