నారుమడి

వరిసేద్యము నెఱిగినవా డెవ్వడును నారుమడిని వ్యర్థభూమి యనడు. అందు గింజ పండదు. అయినను అది లేక నాట్లు లేవు. నేడు సాఫ్టువేరు వృత్తిలో నీ నారుమడినే బీడు పెట్టుచున్నారని నా భయము.

క్రొత్తగా చేరినవారికి మునుపే పని యిచ్చెడివారు? చిన్న తప్పులు దిద్దుట, ప్రోగ్రాము సరిగా నడుచునో లేదో పరీక్షించుట, పెద్దలు చెప్పిన నాలుగు పంక్తుల కోడు వ్రాయుట. వీనివలన కంపెనీకి లాభము స్వల్పమే. నేర్చుకొనువారికి మాత్ర మదియే గురుకులము. 2022 నవంబరులో చాట్‌జీపీటీ వెలువడినది మొదలు ఇట్టి పనులను కృత్రిమ మేధ నిమిషములలో చేయనేర్చినది. స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయ పరిశోధకులు 2025 ఆగస్టులో ప్రకటించిన లెక్కలనుబట్టి, అమెరికాలో 22 మొదలు 25 ఏండ్ల వయసుగల సాఫ్టువేరు ఉద్యోగుల సంఖ్య 2022 చివరనుండి 2025 జూలై నాటికి దాదాపు 20 శాతము తగ్గినది. అనుభవజ్ఞులగు పెద్దల సంఖ్య యట్లు తగ్గలేదు. ఆ కాలముననే అచ్చట వడ్డీ రేట్లును పెరిగినవి గావున, దోషమంతయు యంత్రముదే యనరాదు. అయినను దెబ్బ లేతమొక్కలకే తగిలినది.

ఆ దేశపు పనులు చేసియే మన హైదరాబాదు కంపెనీలు పెరిగినవి గదా! ఇచ్చటి యిండ్ల కా వేడి సోకకుండునా? నాయొద్ద చదివిన యొక బాలిక నిరుడు ఇంజనీరింగు పట్టము పొంది ఆఫరు లెటరుకై యెదురుచూచుచున్నది. లోగడ ఆమె యన్నకు ఉద్యోగ మాలస్యమైనప్పుడు తండ్రి "ఇంకొక యేడు చూతము" అనెను. ఈమెకు మాత్రము సంబంధములు చూచుచున్నాడు. మొదటి యుద్యోగము కుమారునికి జీతము; కొమార్తెకో, తన బ్రతుకును గూర్చి తాను మాటాడుటకు దొరకిన యధికారము.

యంత్రమును తిట్టి ఫలము లేదు. కాని యంత్రము వ్రాసినదానిలో తప్పు పట్టవలసినవాడు మనుష్యుడే. తాను వ్రాసి, చెడగొట్టి, దిద్దుకొననివానికి ఆ చూపు రాదు. నేటి పెద్దలు విరమించిన పిమ్మట ఆ పని కెవరు మిగులుదురు? కావున కంపెనీలు కొందఱు క్రొత్తవారిని చేర్చుకొని, యంత్రపు పనిని పరీక్షించుటయే వారికి తొలి పాఠముగా నేర్పవలెను. కళాశాలలు క్రొత్త కోడు వ్రాయుటతోబాటు పరుల కోడును చదివి ప్రశ్నించుట నేర్పవలెను. తండ్రులు చేయవలసినది వీనికంటె సులభము: కుమారునికై వేచిన యేడు కొమార్తెకై కూడ వేచియుండుట.