పద్మిని కారు, అద్దకపు కన్ను

షోలాపురం తూర్పు పేటలలో మగ్గాల చప్పుడు చెవికి అలవాటు కావడానికి ఒక పూట చాలు. సాఖర్‌పేట, భవానీపేట, దాజీపేట, ఎటు పోయినా గుమ్మాలలో తెలుగే వినిపిస్తుంది. ఇక్కడ 1877లో మొదటి నూలుమిల్లు వెలసినది. తెలంగాణా జిల్లాలనుండి వచ్చి స్థిరపడిన మన పద్మశాలీలు చద్దర్లకు, తువాళ్ళకు ఈ ఊరిపేరు తెచ్చినారు. 2005లో ఆ రెంటికి భౌగోళిక గుర్తింపు కూడ లభించినది.

ఈ మాటు నా కాళ్ళను ఆపినది మగ్గం కాదు, ఒక మోటారు షెడ్డు. లేత నీలిరంగు పాత పద్మిని కారు బానెట్ ఎత్తి ఉన్నది. కుర్లాలో ఆ కార్ల తయారీ ఆగిపోయి ఇరవై యేళ్ళు దాటినది. యజమాని ఒక చద్దర్ల కార్ఖానా వారసుడు. (పేరులో పద్మం ఉన్నదని వదలలేదు కాబోలు!) ఇంజను భాగాలకు గూడ కారు రంగే వేయిస్తున్నాడు. లోపలి సొగసు ఎవరు చూస్తారని అడగవచ్చును. లేత రంగుమీద చమురు కారితే ఇట్టే కనబడుతుంది. నాకు నచ్చిన కారణం అదొక్కటే.

డబ్బాలో రంగు తెచ్చి పూస్తే సరిపోదు. షోలాపురపు ఎండకు కారు రంగు ఎన్నడో వెలిసినది. అందుచేత మేస్త్రీ వెనుక సందులోని అద్దకం ముసలాయనను పిలిపించినాడు. రేకుముక్కమీద పూసిన రంగు చూపి, “తాతా, కలిసిందా?” అన్నాడు.

“పచ్చిగున్నప్పుడు ఏం తెలుస్తదిరా? ఎండనియ్యి. లైటు కింద సూడకు, బయట నీడకు తే.”

ఆయన చెప్పినది నూలు ధర్మమే. కొన్ని అద్దకాలలో తొట్టినుండి తీసినప్పుడు నూలు ఒక రంగు, గాలి సోకినాక మరొక రంగు. దీపం కింద ఒక్కటిగా కనబడిన రెండు నీలాలు పగటి వెలుతురులో విడిపోతాయి. ఒక విడత నూలు కొంచెం తేడా వచ్చినదంటే తువాలుమీద చార పడుతుంది, బేరగాడు వెనక్కు పంపుతాడు. నేతగాని కష్టం గంగపాలు. అందుకే ఆ ముసలాయన తొందరపడడు. మూడుసార్లు కలిపించి, నాలుగవ రేకుకు తల ఊపినాడు.

పని మేస్త్రీది. గాలిశుద్ధి డబ్బా, ఇంజను తలమీది మూత ఊడదీసి, కిరసనాయిలుతో జిడ్డు వదిలించి, సబ్బునీళ్ళతో కడిగి, గరుకు కాగితంతో రుద్ది, ప్రైమరు పూసి, తరువాత నీలం కొట్టినాడు. జిడ్డు ఏమాత్రం మిగిలినా రంగు పెచ్చులుగా లేస్తుందట. గాస్కెట్ కూర్చునే అంచులకు, ఎర్తు తీగ తగిలే చోటుకు మరాఠీ పత్రిక కాగితం అంటించినాడు. అక్కడ రంగు పడితే కారు స్టార్టు కాకపోవచ్చు.

యజమాని పొగగొట్టం గూడ నీలంగానే ఉండాలన్నాడు.

“కాదు సేటూ, అది నిప్పు. గీ రంగు బుడగలు లేసి మాడుతది, వాసనొస్తది. దానికి వేడికి నిలిచే నల్ల రంగే.”

రేడియేటరుకు గూడ మందపు పూత వద్దన్నాడు, వేడి బయటికి పోదని. సేటు కొంత గొణిగి ఒప్పుకున్నాడు.

మిగిలిన నీలం ఎదురింటి మరమగ్గపు మోటారు తొడుగుకు వేసినారు. గాలి పోయే సందులు మాత్రం పుల్లతో గీకి శుభ్రం చేసి వదలినారు.