హిజ్లీ: ఉక్కుతీగల పల్లెపాట

హౌరాలో బయలుదేరిన రైలు సుమారు 115 కిలోమీటర్లు సాగి ఖరగ్‌పూర్ చేరుతుంది. అక్కడి 1,072 మీటర్ల ప్లాట్‌ఫారం ప్రపంచంలోకెల్లా పొడవైనదని ఒకప్పుడు బడిపిల్లలు వల్లించేవారు. ఆ ఘనత తరువాత గోరఖ్‌పూరుకు, 2023లో 1,507 మీటర్లతో హుబ్బళ్ళికి దక్కింది. ఆ పట్టణానికి ఆనుకొని, ఎర్రమట్టి నేలపై విస్తరించిన ప్రాంతమే హిజ్లీ. టాటానగర్ నుంచి ఒడిశా వైపు పోయే అనేక రైళ్ళు ఖరగ్‌పూర్‌లో వెనుదిరిగే శ్రమ లేకుండా హిజ్లీ స్టేషను మీదుగా సాగిపోతాయి.

ఈ నేలతో తెలుగువారికి పాత చుట్టరికం ఉన్నది. 1902లో తూర్పు తీరపు రైలుమార్గంలో ఉత్తర భాగం బెంగాల్ నాగపూర్ రైల్వే అధీనంలోకి వచ్చింది. ఆ పట్టాల వెంబడే ఉత్తరాంధ్ర కుటుంబాలెన్నో ఖరగ్‌పూర్ వర్క్‌షాపులో కొలువులకు తరలివచ్చి తరతరాలుగా స్థిరపడిపోయాయి. గోల్‌బజారులో ఈనాటికీ తెలుగు మాట వినిపిస్తుంది. ఆ రైల్వే బస్తీలలోనే ఆంగ్లో ఇండియను కుటుంబాలూ నివసించాయి. రైల్వే ఇన్‌స్టిట్యూట్లలో నృత్యాలు, వాద్యబృందాలు వారి జీవితంలో భాగం. అమెరికా పల్లెపాట అయిన కంట్రీ సంగీతం, ముఖ్యంగా జిమ్ రీవ్స్ కంఠం, దేశమంతటా వారి లోగిళ్ళలో మారుమ్రోగింది. 1947 తరువాత వారిలో చాలామంది ఇంగ్లాండు, ఆస్ట్రేలియా, కెనడాలకు వలసపోయారు. పాట మాత్రం పూర్తిగా పోలేదు.

చెరసాల విద్యాలయమైన వేళ

హిజ్లీ పేరు దేశచరిత్రకెక్కినది సంగీతం వలన కాదు. 1930లో బ్రిటిషు ప్రభుత్వం ఇక్కడ రాజకీయ ఖైదీల నిర్బంధ శిబిరాన్ని నెలకొల్పింది. 1931 సెప్టెంబరు 16న పోలీసులు జరిపిన కాల్పులలో నిరాయుధులైన సంతోష్ కుమార్ మిత్రా, తారకేశ్వర్ సేన్‌గుప్తా ప్రాణాలు కోల్పోయారు. రవీంద్రనాథ ఠాగూరు ఆ దురంతాన్ని బహిరంగంగా ఖండించారు. స్వాతంత్ర్యానంతరం ఆ భవనంలోనే దేశపు మొట్టమొదటి ఐఐటి వెలసింది. 1951 ఆగస్టు 18న మౌలానా ఆజాద్ దానిని ప్రారంభించారు. పాత నిర్బంధ భవనంలో ఇప్పుడు నెహ్రూ విజ్ఞాన సాంకేతిక ప్రదర్శనశాల ఉన్నది.

ఇప్పుడు ఏటా జరిగే స్ప్రింగ్ ఫెస్ట్‌లో దేశం నలుమూలల నుంచి వచ్చిన వాద్యబృందాలు ఇక్కడ పోటీపడతాయి. పగలు విద్యుదయస్కాంత సూత్రాలు చదివే విద్యార్థి రాత్రి గిటారు పట్టినప్పుడు ఆ సూత్రాలే అతని వ్రేళ్ళ క్రింద పలుకుతాయి. కాని చవక గిటారుపై కంట్రీ బాణీ వాయించబోతే ఆశాభంగమే ఎదురవుతుంది. ఆ బాణీకి ప్రాణం తేటగా, చురుక్కుమనేలా, గంట మోగినట్లుగా పలికే స్వరం. వచ్చేది మూగబోయిన స్వరం. లోపం వ్రేళ్ళదా, వాద్యానిదా?

తీగ క్రింది చెవి

ఎలక్ట్రిక్ గిటారులో తీగల క్రింద అమర్చిన చిన్న పెట్టెను పికప్ అంటారు. అయస్కాంతాల చుట్టూ వెంట్రుకంత సన్నని రాగితీగను వేలాది చుట్లు చుట్టి దానిని తయారుచేస్తారు. ఉక్కుతీగ కంపించినప్పుడు అయస్కాంత క్షేత్రం చలించి, రాగిచుట్టలో స్వల్పమైన విద్యుత్తు పుడుతుంది. 1831లో ఫారడే కనుగొన్న సూత్రమిదే. అంటే పికప్ వినేది గాలిలోని నాదాన్ని కాదు, ఉక్కు కదలికను. పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ కర్ణాటక సంగీతాన్ని ప్రపంచానికి వినిపించినది కూడా విద్యుత్ మాండలిన్ మీదనే.

విచిత్రమేమంటే, హిజ్లీలో తుపాకులు పేలిన 1931లోనే అమెరికాలో జార్జి బోషాంప్ తొలి ఎలక్ట్రిక్ గిటారు నమూనాను రూపొందించాడు. అది ఒడిలో పెట్టుకొని, తీగలపై ఉక్కుకడ్డీని జార్చి వాయించే హవాయి గిటారు. ఆ జారుడు నాదమే కంట్రీ సంగీతానికి ప్రాణమైంది. అదే వాద్యం బెంగాలుకూ వచ్చింది. హవాయి కళాకారుడు టావ్ మో 1940లలో కలకత్తాలో నివసించి శిష్యులను తయారుచేశాడు. బటుక్ నంది, సునీల్ గంగూలీ వంటివారు ఆ గిటారుపై రవీంద్ర సంగీతాన్ని, సినీగీతాలను ఇంటింటికీ చేర్చారు. కనుక కంట్రీ స్వరం బెంగాలుకు పరాయిది కాదు. ఒకే తల్లికి పుట్టి వేరువేరు ఇళ్ళలో పెరిగిన బిడ్డ.

ఖర్చుకు ముందు పరీక్ష

1950లో లియో ఫెండర్ విపణిలోకి తెచ్చిన గిటారు మరుసటి ఏడు టెలికాస్టర్ అనే పేరు పొందింది. దాని బ్రిడ్జి వద్ద ఏటవాలుగా అమర్చిన ఒంటిచుట్ట పికప్ నాదమే కంట్రీకి ప్రమాణమైంది. 1960లలో కాలిఫోర్నియాలోని బేకర్స్‌ఫీల్డుకు చెందిన బక్ ఓవెన్స్, డాన్ రిచ్ దానిని లోకప్రసిద్ధం చేశారు. ఒంటిచుట్టకు ఒక పీడ ఉన్నది. చుట్టూ ఉన్న తీగలు, ట్రాన్స్‌ఫార్మర్ల నుంచి సెకనుకు 50 ఆవృత్తుల విద్యుత్తు రొదను కూడా అది పట్టుకుంటుంది. 1955లో సెత్ లవర్ రెండు చుట్టలను ఎదురెదురుగా కలిపి ఆ రొదను అణచాడు. అయితే రొదతోపాటు స్వరపు పదును కూడా కొంత తగ్గింది. ఏది పోగొట్టుకొని ఏది దక్కించుకోవాలన్నదే వాదకుని ముందున్న ప్రశ్న.

కొత్త పికప్ కొనబోయే ముందు పెద్దగా ఖర్చులేని పనులు రెండు చేయవలె. మొదటిది, తుప్పుపట్టిన తీగలను మార్చడం. కంచు తీగలు అయస్కాంతానికి సరిగా స్పందించవు గనుక ఉక్కు లేదా నికెల్ పూత తీగలే వేయాలి. రెండవది, పికప్ ఎత్తును స్క్రూలతో సరిచేయడం. మరీ దగ్గరగా ఉంటే అయస్కాంతం తీగను లాగి శ్రుతిని చెడగొడుతుంది. అప్పటికీ తృప్తి లేకపోతే ఆల్నికో అయస్కాంతాలు గల ఒంటిచుట్ట పికప్ మేలు. చుట్లు ఎక్కువైన కొద్దీ శబ్దం పెరుగుతుంది, తేటదనం తరుగుతుంది. అందుచేత బిగ్గరగా మోగేదే మంచిదనుకోవడం పొరపాటు. ఒంటిచుట్టకు సాధారణంగా 250 కిలోఓముల నియంత్రకాలు, జంటచుట్టకు 500 కిలోఓములవి వాడతారు. జంటచుట్ట గూటిలో ఒంటిచుట్ట నాదమిచ్చే పికప్‌లూ దొరుకుతాయి కాబట్టి చెక్కను తొలచనక్కరలేదు. లోపలి గూటికి రాగిరేకు అతికి భూసంధానం చేస్తే రొద కొంతవరకు తగ్గుతుంది. టంకం వేసేటప్పుడు ఆంప్లిఫయరు తీగను తప్పక ఊడదీయాలి.

ఇన్ని చేసినా పికప్ తనంత తానుగా పాటను సృష్టించదు. తీగలో లేనిదాన్ని అది ఇవ్వలేదు. ఉన్నదాన్ని కప్పిపుచ్చకుండా చెప్పగలదు. ఒకనాడు గొంతులను బంధించడానికి కట్టిన గోడల నడుమ, అతి సన్నని కంపనాన్ని సైతం వినడమెలాగో నేర్పే విద్య నేడు కొలువై ఉన్నది. హిజ్లీ చూడబోయే యాత్రికుడు ఆ పాత భవనం ముందు కాసేపు నిలబడితే, దూరాన రైలు కూత, విద్యార్థి గదిలోని గిటారు నాదం రెండూ వినిపించవచ్చు. ఈ ఊరి చరిత్రలో ఆ రెంటికీ చోటున్నది.