కిందా మీదా లేని ఆట

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ,

మొన్న మీరు రాసిన కరపత్రంలో ‘పై కులాలు’, ‘కింది కులాలు’ అన్న మాటలు కొట్టేసి, ‘ఆధిపత్య’, ‘అణగారిన’ అని దిద్దాను. "ఎందుకన్నా అంత పట్టింపు?" అని ఒక తమ్ముడు అడిగాడు. జవాబు ఒక వీడియో గేములో ఉంది.

1997. ఫిల్మ్‌నగర్ బస్తీలో మాది రేకుల ఇల్లు. గుట్ట మీద జూబ్లీహిల్స్ బంగళాలు. పాలమూరు నుంచి వలస వచ్చిన మా అమ్మ ఒక బంగళాలో బాసన్లు తోమేది, ఇల్లు తుడిచేది. బడి లేని రోజు నన్నూ తీసుకుపోయేది. "ఏం ముట్టకు బిడ్డా" అని గేటు దగ్గరే చెప్పేది.

ఆ ఇంటి అబ్బాయికి నా వయసే. వాడు కంప్యూటర్‌లో ‘డిసెంట్’ ఆడుతుంటే గడప బయట నిలబడి చూసేవాణ్ణి. 1995లో అమెరికాలోని పారలాక్స్ సాఫ్ట్‌వేర్ వాళ్లు చేసిన ఆట అది. చంద్రుడితో మొదలుపెట్టి గ్రహాల మీది గనుల్లోకి నౌక దిగుతుంది. అక్కడ పనిచేసే రోబోలు వైరస్ సోకి ఎదురు తిరిగాయి. వాటిని కాల్చాలి, చిక్కుకున్న మనుషుల్ని విడిపించాలి, రియాక్టర్ పేల్చి, గని కూలేలోపు బయటపడాలి. పనిచేసేవాళ్లు తిరగబడితే కాల్చడానికి కంపెనీ కిరాయికి తెచ్చుకున్న మనిషే మన హీరో. అది నాకు అప్పుడు తట్టలేదు.

డూమ్‌లో నేల మీద నడుస్తాం. ఇందులో నౌక ఎటైనా తిరుగుతుంది. తలకిందులైతే కప్పే నేల. కింద ఏదో, మీద ఏదో తెలియక చాలామందికి కళ్లు తిరిగేవి. ఆ అబ్బాయికీ తిరిగాయి. "నువ్వు ఆడు" అని లేచాడు.

కుర్చీలో కూర్చున్నాను. రియాక్టర్ పేల్చాను. సెకన్లు తగ్గుతుంటే దారి వెతుక్కుని బయటపడ్డాను. వెనక్కి తిరిగితే గడపలో ఆ ఇంటామె. నన్ను ఒక్క మాట అనలేదు. అమ్మను పిలిచి, కుర్చీ, కీబోర్డు తడిబట్టతో తుడవమంది.

రోజూ ఆ కీబోర్డు తుడిచేది మా అమ్మే. తుడిచే చేతికి లేని మైల ఆడిన చేతికి వచ్చింది.

గుట్ట దిగుతూ అమ్మ ఒక్కటే అడిగింది: "గెలిచినవా బిడ్డా?"

"గెలిచిన."

డిసెంట్ అంటే మర్యాదస్తుడు అనుకున్నాను చాలా కాలం. కాలేజీలో నిఘంటువు చూస్తే తేలింది, ఈ స్పెల్లింగుకు అర్థం దిగడం. రెండో అర్థం పుట్టుక, వంశం. జాతి వివక్షకు వ్యతిరేకంగా 1965లో ఐక్యరాజ్యసమితి చేసిన ఒడంబడికలో ఆ పదం ఉంది. చేర్చమన్నది మన దేశమే. 2001లో డర్బన్ సదస్సులో కులం గురించి మనవాళ్లు మాట్లాడబోతే, కులం జాతి కాదంటూ అడ్డుపడింది కూడా మన ప్రభుత్వమే. మరుసటి ఏడాది ఆ ఒడంబడిక కమిటీ తేల్చి చెప్పింది: ఆ పదంలో కులం కూడా ఉంది.

ఆ ఆట ఇప్పటికీ అప్పుడప్పుడు ఆడతాను. నా నౌకకు కిందా మీదా లేవు. కులానికి ఉన్నాయని మనం రాస్తే, ఆ రోజు కుర్చీ తుడిపించిన ఆమె మాటే మన చేత్తో రాసినట్టు. అందుకే తమ్ముడూ, కొట్టేశాను.

జై భీమ్.