వీరుణ్ని కన్న ఉల్లిపాయల దీవి!

జపాన్‌లోని కోబె నగరం అంచున సముద్రం మీద ఓ వంతెన. పేరు అకాషి కైక్యో. రెండు స్తంభాల మధ్య దూరమే 1,991 మీటర్లు! 1998లో అది తెరిచేదాకా ఇక్కణ్నుంచి అవతలి అవాజి దీవికి వెళ్లాలంటే పడవే దిక్కు. తీపి ఉల్లిపాయలకు అవాజి పెట్టింది పేరు. దక్షిణపు కొసన గిర్రున తిరిగే నరుటొ సుడిగుండాలు చూసేందుకు జనం బారులు తీరతారు. వీడియోగేమ్‌ల అభిమానులు మాత్రం నేరుగా సుమొటొ పట్టణానికి వెళతారు.

ఎందుకంటే, 'డ్రాగన్ క్వెస్ట్' సృష్టికర్త యూజి హోరీ 1954లో పుట్టింది అక్కడే. చిన్నప్పుడు ఆయన కల బొమ్మల కథలు గీయడం. టోక్యోలోని వసెదా విశ్వవిద్యాలయంలో చదివి, పత్రికలకు రాస్తూ పొట్టపోసుకున్నారు. కంప్యూటర్ కొనుక్కుని ప్రోగ్రామింగ్ సొంతంగా నేర్చుకున్నారు. ఎనిక్స్ సంస్థ పెట్టిన పోటీకి టెన్నిస్ ఆట పంపి బహుమతి కొట్టేశారు. దాంతో దశ తిరిగింది.

1986 మే 27న 'డ్రాగన్ క్వెస్ట్' వచ్చింది. మొత్తం ఆట 64 కిలోబైట్లే. నేటి సెల్‌ఫోన్ ఫొటో ఒక్కటైనా అందులో పట్టదు! బొమ్మలు అకిరా తొరియామావి, సంగీతం కోయిచి సుగియామాది. చేతివేగం లేనివారైనా ఓపికుంటే గెలిచే ఆట అది. ఆపిన చోటి నుంచి మళ్లీ మొదలుపెట్టాలంటే తెరమీది 20 అక్షరాల 'పునర్జీవ మంత్రం' కాగితం మీద రాసుకోవాలి. ఒక్క అక్షరం తప్పిందా... పడ్డ కష్టమంతా బూడిదలో పోసిన పన్నీరే!

మూడో భాగం 1988 ఫిబ్రవరి 10న, బుధవారం వచ్చింది. పిల్లలు బడి ఎగ్గొట్టి దుకాణాల ముందు వరస కట్టారు. అది పెద్ద గొడవైంది. నాలుగో భాగాన్ని 1990లో ఆదివారం నాడు విడుదల చేశారు.

పుట్టినూరు ఆయన్ని మరచిపోలేదు. ఆట ముప్ఫై ఏళ్ల పండగకు గుర్తుగా 2017లో సుమొటొలో స్మారకం వెలిసింది. 2021లో అదే దీవిలోని 'నిజిగెన్ నో మోరి' పార్కులో డ్రాగన్ క్వెస్ట్ లోకం తెరుచుకుంది. వచ్చినవాళ్లే వీరులై అందులో తిరగొచ్చు.

సుగియామా 2021లో, తొరియామా 2024లో కన్నుమూశారు. ఆటలో అయితే, చనిపోయిన తోటి వీరుణ్ని గుడికి తీసుకెళ్లి ప్రాణం పోయించొచ్చు. బయట ఆ మంత్రం హోరీ దగ్గరా లేదు. కానీ ఆటను ఎక్కడ తెరిచినా... ఆ ముగ్గురూ కలిసే ఉంటారు.